ఇంటి కప్పులో తేనెపట్టు: బెంగళూరులో దొరికే మూడు సేవలు, ఏది ఎంతవరకు పనికొస్తుంది

బెంగళూరులో ఇంటి కప్పులోకి తేనెటీగలు చేరితే పిలవడానికి మూడు రకాల మనుషులు దొరుకుతారు. మందు కొట్టే పెస్ట్ కంట్రోల్ వాళ్లు, రాత్రిపూట పొగపెట్టి తేనె కోసుకుపోయేవాళ్లు, ఈగల్ని బతికుండగానే పెట్టెలోకి దించి తీసుకెళ్లే పెంపకందార్లు. ముగ్గురూ "తీసేస్తాం" అనే చెబుతారు. మొదటివాళ్లు ఈగల ప్రాణం తీస్తారు, రెండోవాళ్లు తేనె తీస్తారు, పట్టు మొత్తం తీసేది మూడోవాళ్లే. ఇంటివాళ్లు డబ్బు పెట్టాల్సింది దానికే. మైనం, తేనె, ఈగ పిల్లలు కప్పులో మిగిలిపోతే ఈగలు వెళ్లిపోయినా ఇంటికి తిప్పలు తప్పవు.

ఫోన్ చేసేముందు అది ఏ ఈగో చూసుకోవాలి. ఇక్కడ ఈ పని చేసేవాళ్లతో చాలావరకు కన్నడంలోనే మాట్లాడాలి కాబట్టి వాళ్ల పేర్లు తెలిసుంటే మేలు. హెజ్జేను అంటే మన పెరతేనె ఈగ, పెద్దది. ఒక్కటే తెట్టె కడుతుంది, మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది, ఆరుబయట గాలికి వేలాడుతుంది. పై అంతస్తుల సన్‌షేడ్ల కింద, నీళ్ల ట్యాంకు అడుగున కనిపించేది ఇదే. తుడువె జేను అంటే తొర్రతేనె ఈగ, కొన్నిచోట్ల పుట్టతేనె అంటారు. దీనికి చీకటి కావాలి. వేలు పట్టేంత కన్నం దొరికితే లోపలికి దూరి పక్కపక్కనే ఐదు నుంచి ఎనిమిది తెట్టెలు కడుతుంది. కోల్జేను చిన్నది, క్రోటన్ కొమ్మకో బాల్కనీ గ్రిల్లుకో అరచేయంత తెట్టె ఒకటి పెడుతుంది. ముజంటి అంటే కుట్టని ముసురు ఈగ, దోమకంటే కాస్త పెద్దది, గోడ సందులోంచి మైనపు గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. ఈ చివరి రెండింటి జోలికి పోనక్కర్లేదు, వాటివల్ల ఇంటికి నష్టం లేదు. కప్పు లోపల ఉన్నది దాదాపు ఎప్పుడూ తుడువెనే. ఇక్కడి మాటలన్నీ దాని గురించే.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. చూరుకో కొమ్మకో గుత్తిగా వేలాడుతున్న ఈగలన్నీ పట్టు పెట్టినవి కావు. పాత గూటినుంచి విడిపోయిన గుంపు కొత్త చోటు వెతుక్కుంటూ కొన్ని గంటలు, ఒక్కోసారి రెండు మూడు రోజులు అలా ఆగుతుంది. అప్పుడు వాటికి కాపాడుకోవాల్సిన పిల్లలూ తేనే లేవు కనుక సాధారణంగా కుట్టవు. గుత్తి కింద తెల్లటి మైనం కనిపించకపోతే ఎవరినీ పిలవకండి, దూరంగా ఉండండి, చాలు. అదే సమయంలో పదీ ఇరవై ఈగలు మీ కప్పు సందుల్లోకి దూరి వస్తూ పోతూ ఉంటే అవి ఇల్లు చూసుకుంటున్నాయన్నమాట. ఆ రోజే సందు మూసేస్తే ఏ సేవతోనూ పని పడదు.

లోపల పిల్లలున్నాయా లేదా అన్నది కింద నిలబడే తేల్చవచ్చు. పది, పదకొండు గంటలప్పుడు కన్నం దగ్గర పది నిమిషాలు గమనించండి. లోపలికి వెళ్లే ఈగల వెనక కాళ్లకు పసుపు, నారింజ రంగు ఉండలు అంటుకుని ఉంటే అది పుప్పొడి. పుప్పొడి పిల్లల తిండి. అది లోపలికి వెళ్తోందంటే రాణి గుడ్లు పెడుతోంది, గూడు స్థిరపడింది. ఈ పరీక్ష ఇక్కడ ఒకసారి, పని పూర్తయ్యాక ఇంకోసారి అక్కరకొస్తుంది.

ఇక మందు కొట్టే సేవ. దీనికి ఐదు మార్కులకు ఒకటి, అది కూడా త్వరగా వస్తారన్నందుకు. వచ్చి కన్నంలోకి పైరెత్రాయిడ్ రకం పురుగుమందు చిమ్ముతారు, లేదా పొడి ఊదుతారు, సిమెంటుతో కన్నం మూసేస్తారు. సాయంత్రానికి ఈగలు కనిపించవు. తర్వాత జరిగేది వాళ్లు చెప్పరు. బతికున్న గూటిలో పిల్లల దగ్గర వేడి 33 నుంచి 36 డిగ్రీల మధ్య ఉండేలా ఈగలే రెక్కలతో విసురుకుంటూ, నీళ్లు తెచ్చి చల్లుకుంటూ చూసుకుంటాయి. అవి చచ్చాక ఆ పని చేసేవాళ్లు లేరు. మైనం 40 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, 62-65 మధ్య కరుగుతుంది. వేసవి మధ్యాహ్నం రేకు కింద, పెంకుల కింద మెత్తబడిన తెట్టె తేనె బరువుకే తెగి పడుతుంది. ఆ తేనె ఫాల్స్ సీలింగు మీద పడి జిప్సం బోర్డులోకి ఇంకుతుంది, గోధుమరంగు మరక కిందికి దిగుతుంది. చచ్చిన ఈగలు, పిల్లలు కుళ్లి వాసన పడతాయి. చీమలు, బొద్దింకలు, ఎలుకలు, మైనపు చిమ్మట వరసగా వస్తాయి. చివరికి సీలింగు ఎలాగూ కోయాల్సిందే.

ఇంతకంటే బాధ పెట్టేది వేరే ఉంది. చచ్చిన గూటిలోని తేనెను పక్క గూళ్ల ఈగలు దోచుకోవడానికి వస్తాయి. మందు కలిసిన ఆ తేనెను మోసుకెళ్లి తమ పిల్లలకు పెడతాయి. ఒక ఇంటి కప్పులో కొట్టిన మందు చుట్టుపక్కల గూళ్లను కూడా చంపగలదు. 1991-92 ప్రాంతంలో ఈగ పిల్లల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాది తొర్రతేనె ఈగల్ని దాదాపు తుడిచిపెట్టింది. దాన్ని తట్టుకుని మిగిలినవాటి సంతతే ఇప్పుడు మన కప్పుల్లో, చెట్ల తొర్రల్లో ఉన్నది. ఎవరూ సాకకుండా, మందూ మాకూ లేకుండా తమంతట తాము నిలబడ్డ గూళ్లివి. వీటిని చంపించుకోవడానికి డబ్బు ఇవ్వడం అన్యాయం.

పిలవక తప్పదనుకున్నా రెండు విషయాలు అడగండి. ఇన్సెక్టిసైడ్స్ చట్టం కింద లైసెన్సు ఉందా, కొట్టే మందు పేరేమిటి? డైక్లోర్‌వాస్ అన్నారంటే అక్కడితో మాట ఆపేయండి. అది 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధం. పెస్ట్ కంట్రోల్ వాళ్లు న్యాయంగా పనికొచ్చే చోటు కందిరీగల గూడు, ముఖ్యంగా నడుముకు పసుపు పట్టీ ఉండే పెద్ద కందిరీగలు తలుపు దగ్గరే గూడు పెట్టినప్పుడు.

తేనె కోసేవాళ్ల సేవ హెజ్జేనుకు సంబంధించింది, దాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. తాడు కట్టుకుని ఎత్తుకు ఎక్కడంలో వాళ్ల నేర్పు గొప్పది. కానీ మంటతో, దట్టమైన పొగతో చెదరగొట్టిన హెజ్జేను వందల కొద్దీ కిందికి దిగి దారిన పోయేవాళ్లను కుడుతుంది, రెండు రోజుల్లో అదే చోట మళ్లీ గుమిగూడుతుంది. మనుషులు తిరిగేచోటుకు దూరంగా, ఎత్తున ఉంటే దాన్ని వదిలేయడమే మంచిది. పూలు తగ్గగానే అది తనంతట తానే వలస పోతుంది. కప్పు లోపలి తుడువెకు వీళ్లను పిలిస్తే చెయ్యి అందినంతమేర తేనె తెట్టెలు తెంపుకుని, పిల్ల తెట్టెలు, రాణి, పగిలిన పెంకులు మీకు వదిలి వెళ్తారు. ఐదుకు రెండు.

మూడోది, బతికుండగా తరలించడం. మంచి పనివాడు దొరికితే ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు, నేర్చుకుంటున్నవాడైతే మూడు. ఈ తేడా ఎక్కడ వస్తుందో తెలిస్తే ఫోన్‌లోనే మనిషిని పట్టుకోవచ్చు.

నేర్పరి మొదట అడిగేది మధ్యాహ్నం తీసిన కన్నం వీడియో. తర్వాత వరసగా అడుగుతాడు: ఎన్నాళ్ల నుంచి ఉన్నాయి, కప్పు పెంకా రేకా స్లాబా, నేలనుంచి ఎంత ఎత్తు, ఇంట్లో ఎవరికైనా ఈగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు లేచిన చరిత్ర ఉందా, ఇంతకుముందు ఎవరైనా మందు కొట్టారా. చివరి ప్రశ్న చాలా ముఖ్యం. మందు పడ్డ తెట్టెల్ని పెట్టెలోకి మార్చకూడదు, తేనెను ఎవరూ తినకూడదు, అంతా పూడ్చిపెట్టాల్సిందే. ఈ ప్రశ్న అడగకుండా "వచ్చేస్తాం సార్, గంటలో అయిపోతుంది" అన్నవాడిని పక్కన పెట్టండి. గంటలో పట్టు బయటికి రాదు. కప్పు విప్పడం, కోయడం, కట్టడం, శుభ్రం చేయడం కలిపి సులువైన చోట కూడా మూడు నాలుగు గంటలు పడుతుంది.

చూడడానికి వచ్చినప్పుడు గూడు ఎక్కడుందో తేల్చాలి. ఈగలు దూరే కన్నం దగ్గరే గూడు ఉంటుందని లేదు, రెండు మూడు అడుగులు పక్కన ఉండొచ్చు. సీలింగు మీద వేలితో తట్టి చెవి ఆనిస్తే గూడు ఉన్నచోట ఒక్కసారి 'హుస్స్' మని చప్పుడొచ్చి తగ్గుతుంది. కొందరు థర్మల్ కెమెరా తెస్తారు. పిల్లలున్న భాగం వెచ్చగా ఉండడంతో అది తెరమీద మచ్చలా కనిపిస్తుంది, తెల్లవారుజామున బాగా తెలుస్తుంది. మధ్యాహ్నం కప్పంతా కాలి ఉన్నప్పుడు ఆ కెమెరాతో ఉపయోగం లేదు. చిన్న రంధ్రంలోంచి గొట్టం కెమెరా పంపి చూసేవాళ్లుంటే ఇంకా నయం. గూడు హద్దులు తెలియకుండా సీలింగు కోయడం మొదలుపెట్టేవాడు మీ ఇంటిని పాడుచేస్తాడు.

కప్పు రకాన్ని బట్టి పని మారుతుంది. బసవనగుడి, మల్లేశ్వరంలోని పాత ఇళ్ల కప్పులు మంగళూరు పెంకువి, మనవైపు బెంగుళూరు పెంకు అనేది ఇదే. వీటిలో చాలావాటికి పైన పెంకు, కింద చదునుగా ఉండే ఇంకో పెంకు వరస ఉంటాయి. మధ్యనున్న చోటు తుడువెకు ఎంతో ఇష్టం. పైకప్పు పెంకుల్లో ఎగువ వరస పెంకును కాస్త ఎత్తి, దాని దిగువ పెంకును జారుస్తూ తీయాలి. కొప్పు మీది సున్నం పగలగొట్టనవసరం లేదు. అడుగు ఎప్పుడూ వాసాల మీదే పడాలి, లేదా కప్పు మీద పొడవునా నిచ్చెన పరిచి దానిమీద నడవాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా పాత పెంకులు కొన్ని విరుగుతాయి. అదే కొలత పెంకులు పది ముందే తెచ్చిపెట్టుకోండి, అన్ని కంపెనీల పెంకులూ ఒకదానిలో ఒకటి కూర్చోవు.

స్లాబు కింద ఫాల్స్ సీలింగు ఉంటే తెట్టెలు స్లాబుకే అంటుకుని కిందికి వేలాడుతుంటాయి. ఇనుప చానెళ్ల మధ్య చదరంగా కోసి, కోసిన బోర్డు ముక్కను దాచి, మళ్లీ అదే స్క్రూలతో బిగించి పుట్టీ పెట్టించుకోవచ్చు. ముందు ఆ గది లైట్ల ఎంసీబీ దించాలి, సామాను బయటికి పంపి నేలంతా ప్లాస్టిక్ పరవాలి, గది తలుపు కింది సందులో తడిగుడ్డ కుక్కాలి. ఈగలు వెలుతురు వైపే పోతాయి కాబట్టి ఒక కిటికీ తెరిచి మిగతావన్నీ తెరలతో కప్పేయాలి. చీకటి పడ్డాక తెల్లలైటు వేస్తే నేరుగా దానిమీదికే వస్తాయి. ఎరుపు వాటి కంటికి కనిపించదు కనుక తెలిసినవాళ్లు తలకు ఎర్ర లైటు కట్టుకుంటారు. మనిషి సరుకున్నవాడా కాదా అని చెప్పే చిన్న గుర్తు ఇది.

రేకు కప్పులో తెట్టెలు రేకు అడుగునే అంటుకుంటాయి. స్క్రూలు విప్పి ఒక్కసారిగా ఎత్తితే తెట్టెలన్నీ తెగి, తేనెలో ఈగలు మునిగిపోతాయి. పక్కనుంచి పొడవైన కత్తి దూర్చి ముందు వాటిని విడదీయాలి, ఎండలో అస్సలు కాదు. పాత ఆస్బెస్టాస్ రేకైతే కోయకూడదు, డ్రిల్లు పెట్టకూడదు, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, కొక్కాలు వదులుచేసి, ముక్కుకు మాస్కు పెట్టుకుని రేకును రేకుగానే దించాలి.

పని మొదలుపెట్టే వేళ సాయంత్రం నాలుగు. కోయడానికి వెలుతురు ఉంటుంది, ముగిసే సమయానికి మేతకు వెళ్లిన ఈగలు తిరిగొస్తాయి. ఉదయం పదింటికి వచ్చి మధ్యాహ్నానికి పెట్టె ఎత్తుకుపోయేవాళ్లు మేత ఈగల్ని మీ ఇంటికే వదిలి వెళ్తున్నారని అర్థం. మూడు నాలుగు రోజులు అవి ఇల్లంతా తిరుగుతూ చస్తాయి.

పొగ విషయంలో తుడువెకు కొంచెమే చాలు. పొగడబ్బాలో ఎండు కొబ్బరి పీచు లేదా పాత గోనె ముక్క వెలిగించి కన్నం దగ్గర మూడు నాలుగు ఊపులు వేసి రెండు నిమిషాలు ఆగాలి. ఈగలు కడుపునిండా తేనె తాగి నెమ్మదిస్తాయి. పొగ ఎక్కువైతే రాణితో సహా తెట్టెలు వదిలి మూలలకు పారిపోతాయి, అప్పుడు రాణిని వెతకడం గగనం. చెక్క వాసాలు, థర్మోకోల్ ఉన్న కప్పులో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పక్కన నీళ్ల బకెట్టు లేకుండా పొగడబ్బా వెలిగించనివ్వకండి.

ఇప్పుడు అసలు పని. అంచున ఉండేవి తేనె తెట్టెలు, మధ్యలో ఉండేవి పిల్ల తెట్టెలు. అంచునుంచి మొదలుపెట్టి తేనె తెట్టెల్ని కోసి వెంటనే మూత ఉన్న బకెట్టులో వేయాలి, తెరిచి పెడితే దోపిడీ ఈగలు, చీమలు వచ్చేస్తాయి. పిల్ల తెట్టెల్ని పెట్టెలో వేలాడే చెక్క ఫ్రేము కొలతకు కోసి, ఫ్రేములో కూర్చి అరటి నారతోనో నూలు దారంతోనో కట్టాలి. దక్షిణాదిలో తుడువెకు ఎక్కువగా వాడేది న్యూటన్ పెట్టె, దాని కింది గదిలో ఏడు ఫ్రేములు పడతాయి. కొన్ని రోజుల్లో ఈగలు తెట్టెను కొత్త మైనంతో ఫ్రేముకు అతికించి, నారను కొరికి బయట పారేస్తాయి. నైలాన్ దారమైతే దాన్ని కొరకలేక కాళ్లు చిక్కుకుంటాయి. కప్పులో ఏది పైకి ఉందో ఫ్రేములో కూడా అదే పైకి ఉండాలి, ఎందుకంటే తెట్టెలోని చిన్న గదులు కాస్త పైకి వంగి ఉంటాయి, తలకిందులైతే తేనె, పిల్లల మేత కారిపోతాయి. మూడు నాలుగు పిల్ల తెట్టెలు చాలు. తేనె కారే తెట్టెల్ని దయచేసి పెట్టెలో పెట్టనివ్వకండి. ఈగలు అంటుకుని చస్తాయి, రాత్రికి చీమలు బారులు తీరుతాయి.

తెట్టె కోసేటప్పుడు అందులోని ఈగ పిల్లలు ఎలా ఉన్నాయో పనివాణ్ణి ఒకసారి చూడమనండి. ముత్యంలా తెల్లగా మెరుస్తూ వంకీ తిరిగి ఉంటే ఆరోగ్యం. గదిలో నిలువుగా సాగి, తల పైకెత్తి, లాగితే నీళ్ల సంచిలా ఊడి వస్తే అది శాక్‌బ్రూడ్. అటువంటి గూటిని వేరే పెట్టెల పక్కకు తీసుకెళ్లకూడదు. ఇది చూడకుండా అన్నింటినీ ఒకేచోట చేర్చే పెంపకందారు తన పెట్టెలన్నింటికీ జబ్బు అంటించుకుంటాడు.

రాణి దొరికితే పని సగం తేలిక. కూలీ ఈగకంటే పొడవు, నల్లటి పొట్ట, రెక్కలు పొట్టలో సగం దాకే వస్తాయి. చిల్లుల డబ్బీలో పెట్టి ఫ్రేముల మధ్య వేలాడదీస్తే మిగతావి వాటంతటవే లోపలికి నడుస్తాయి. పెట్టె వాకిట్లో కొన్ని ఈగలు తోక పైకెత్తి రెక్కలు విసురుతూ నిలబడతాయి. 'ఇటు రండి' అనే వాసన అది. అది కనిపిస్తే రాణి లోపల ఉన్నట్టే. రాణి ఎంతకీ దొరక్కపోతే తెట్టెల్లో గుడ్లు, చిన్న పిల్లలు ఉన్నాయేమో చూసుకోవాలి. ఉంటే కొత్త రాణిని అవే పెంచుకుంటాయి. ఇంట్లో దుమ్ము లాగే వాక్యూమ్ క్లీనర్ తెచ్చి ఈగల్ని లాగేవాళ్లను మాత్రం ఒప్పుకోవద్దు. ఆ లాగుడుకు సగం ఈగలు గొట్టంలోనే నలిగిపోతాయి. లాగుడు బలం తగ్గించుకునే ఏర్పాటుతో, లోపల మెత్తటి గుడ్డ పరిచి, ఈగల కోసమే చేసిన పరికరం అయితే ఆ మాట వేరు.

పెట్టెను కన్నం ఉన్న ఎత్తుకే కట్టి ఏడున్నర దాకా వదిలేయాలి. ఈగలన్నీ లోపలికి చేరాక రాణి పట్టకుండా కూలీ ఈగలు మాత్రం పట్టే జాలీ వాకిలికి బిగించి, బయట వల మూసి తీసుకెళ్తారు. కొత్త చోటు కనీసం మూడు కిలోమీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరైతే తెలిసిన దారి పట్టుకుని మేత ఈగలు మళ్లీ మీ కప్పుకే వస్తాయి. పెట్టె ఎక్కడికి వెళ్తుందో తప్పక అడగండి. నీడ, పూలు, నీళ్లు, కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు ఉన్న తోట అయితే ఈగలు నిలుస్తాయి. తుడువెకు కోపం వస్తే గూడే వదిలి పోతుంది. ఎండలో పెట్టినా, చీమలు పట్టినా, మొదటి వారం రోజూ మూత తెరిచి చూసినా ఎగిరిపోతుంది. వారం తర్వాత ఆ పెట్టె ఫొటో పంపేవాడు నిజంగా పెంపకందారు. హెబ్బాళ పక్కనున్న జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల పెంపకం విభాగం ఉంది. అక్కడ శిక్షణ పొందినవాళ్ల కోసం అడిగితే మనిషిని వెతకడం తేలికవుతుంది.

ఈ సేవలో అర మార్కు పోయేది ఇక్కడే: చాలామంది పెట్టె తీసుకెళ్లాక పని అయిపోయిందనుకుంటారు. కప్పులో మిగిలిన మైనం వాసనకు వచ్చే ఏడు ఇంకో గుంపు అదే కన్నంలో దిగుతుంది. అంటుకున్న మైనమంతా గీకి, వాషింగ్ సోడా వేసిన వేడినీళ్లతో కడిగి, ఆరాక సున్నం కొట్టాలి. రెండు మూడు రోజులు గుప్పెడు ఈగలు కన్నం చుట్టూ తిరగడం మామూలే. నాలుగో రోజు కూడా పుప్పొడి మోసుకుంటూ లోపలికి పోతున్నాయంటే తెట్టె ఒకటి లోపల మిగిలిపోయింది, మనిషిని మళ్లీ పిలవాలి. అవి పోయాకే మూయాలి. గాలి ఆడాల్సిన సందుకు 3 మిల్లీమీటర్ల కన్నాల స్టీలు జాలీ, మిగతావాటికి సిమెంటు. నురగలా ఉబ్బే ఫోమ్ ఒక్కటే కొట్టి వదిలేస్తే ఎండకు పొడై, ఎలుకలు కొరికి మళ్లీ దారి ఇస్తాయి. పెంకుల చూరు దగ్గర అలల్లాంటి ఖాళీలుంటాయి, వాటికి జాలీని వంచి వాసానికి మేకు కొట్టాలి.

కప్పు విప్పడం కుదరనే కుదరని చోట్లుంటాయి. పక్కింటితో కలిసిన గోడ, పిట్టగోడలోని బోలు సిమెంటు ఇటుకలు, వైర్లన్నీ పోయే షాఫ్టు. అక్కడ కొందరు శంకు పద్ధతి చేస్తారు. జాలీని అడుగు, అడుగున్నర పొడవు శంకులా చుట్టి వెడల్పు వైపు కన్నానికి బిగిస్తారు, కొన దగ్గర ఒక్క ఈగ పట్టేంత దారి ఉంటుంది. బయటికొచ్చిన ఈగ లోపలికి దారి కనుక్కోలేక పక్కన పెట్టిన, పిల్ల తెట్టె ఉన్న పెట్టెలో చేరుతుంది. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మధ్యలో రెండు మూడుసార్లు వచ్చి చూడాలి. ఇంకో కన్నం ఏ మూలనైనా తెరిచి ఉంటే మొత్తం వృథా. రాణి సాధారణంగా బయటికి రాదు, తెట్టెలు లోపలే ఉండిపోతాయి. అందుకే ఇది చివరి దారి. తెట్టెలు తీయగలిగిన చోట కూడా శంకు పెడతానంటే అతనికి కప్పు విప్పడం రాదని అనుకోవచ్చు.

పని రోజు పక్కిళ్లకు ముందే చెప్పాలి, వాళ్ల కిటికీలు మూయించాలి, కుక్కల్ని లోపల కట్టాలి, పిల్లల్నీ అలర్జీ ఉన్నవాళ్లనూ ఆ పూట వేరేచోటికి పంపాలి. ఈగ కుడితే ముల్లు వెంటనే తీసేయడమే ముఖ్యం, గోటితో గీకినా, పట్టి లాగినా ఫరవాలేదు, ఆలస్యం కాకూడదు. ముల్లు గుచ్చుకున్నచోట అరటిపండు వాసన లాంటిది వస్తుంది, అది మిగతా ఈగల్ని పిలిచే వాసన. అక్కడినుంచి దూరంగా వెళ్లి నీళ్లతో కడిగి ఐసు పెట్టాలి. ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి, ఇంటి వైద్యాలకు సమయం లేదు.

కోసిన తేనె ఎవరిదన్నది ముందే మాట్లాడుకోండి. తుడువె గూటిలో కొన్ని కిలోలకు మించి ఉండదు. మందు పడని గూడైతే, మైనంతో మూసిన గదుల తేనె మాత్రం పిండి వడకట్టుకోవచ్చు. మూత లేని గదుల తేనెలో నీరు ఎక్కువ, త్వరగా పులుస్తుంది. ఏడాది నిండని పసిపిల్లలకు ఏ తేనే పెట్టకూడదు.

బిల్లులో ముందే విడదీసి రాయించుకోవాల్సినవి చూడ్డానికి వచ్చిన ఖర్చు, పట్టు తీసే కూలి, ఎత్తుకు పరంజా లేదా తాడు ఖర్చు, కప్పును తిరిగి సరిచేసే పని. చివరిదాన్ని చాలామంది కలపరు, సీలింగు తెరిచిపెట్టి పోయాక వడ్రంగి కోసం మీరే తిరగాలి. సగం డబ్బు పెట్టె దిగాక, మిగతా సగం కన్నం మూసి మూడు ఫొటోలు చూపించాక ఇవ్వండి: తీసిన తెట్టెలన్నీ ఒకచోట పరిచింది, గీకి కడిగిన ఖాళీ చోటు, జాలీ బిగించిన కన్నం. అదే కన్నంలోకి మూడు నెలల్లోపు మళ్లీ ఈగలు చేరితే ఉచితంగా వచ్చి తీస్తానని కాగితం మీద రాసివ్వగలిగినవాడు జాలీ బిగించడంలో బద్ధకం చేయడు.